రాంట్‌జెన్: నీడను ప్రశ్నించిన శాస్త్రజ్ఞుడు

తాటిచెట్టునుండి పడినవానిని, ఎడతెగని దగ్గుతో కృశించువానిని శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి ఆసుపత్రికి కొనిపోయినప్పుడు వైద్యుడు సాధారణముగా కోరునది ఎక్సురే చిత్రము. పామరులకును పరిచితమైన ఆ కిరణమును లోకమునకు తెలిపినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్.

ఆతడు 1845 మార్చి 27వ తేదీన లెన్నెప్ పట్టణమున ఒక వస్త్రవర్తకునింట జన్మించెను. బాల్యము హాలెండులో గడచెను. యూట్రెక్ట్ నగరమున చదువుకొనునప్పుడు తోటి విద్యార్థి యొకడు ఉపాధ్యాయుని వికృతచిత్రము గీసెను. వాని పేరు చెప్పుటకు రాంట్‌జెన్ సమ్మతింపలేదు. అందులకై ఆతనినే పాఠశాలనుండి వెడలగొట్టిరి. చేత యోగ్యతాపత్రము లేకపోయెను. తుదకు 1865లో జ్యూరిక్ పాలిటెక్నిక్కున ప్రవేశపరీక్ష నెగ్గి చేరెను. 1869లో డాక్టరు పట్టము పొందెను. అయినను ఆ పాఠశాలాపత్రము లేదన్న కారణముననే వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయము ఆతనికి పదవి నిరాకరించెను. ఆ విశ్వవిద్యాలయమే 1888లో ఆతనిని ఆచార్యునిగా ఆహ్వానించెను.

1895 నవంబరు 8వ తేదీ సాయంకాలము ఆతడు గాలి తీసిన గాజుగొట్టములో విద్యుత్తును ప్రసరింపజేసి పరీక్షించుచుండెను. గొట్టమును నల్లని అట్టతో కప్పెను. గది చీకటిగా నుండెను. అయినను కొంతదూరముననున్న రసాయనపు పూతగల తెర మెరసెను. అట్టి గొట్టములతో అంతకుముందు పలువురు పనిచేసియుండిరి. ఆ మెరపునకు కారణమేమని విడువక శోధించినవాడు రాంట్‌జెన్. డిసెంబరు 22న భార్య అన్నా బెర్తా చేతికి చిత్రము తీయగా, ఎముకలును ఉంగరమును స్పష్టముగా కానవచ్చెను. స్వభావము తెలియని కిరణమగుటచే, గణితమునందలి అవ్యక్తరాశివలె, దానికి ఎక్సు అని పేరు పెట్టెను.

మరుసటి యేడే వైద్యులు విరిగిన ఎముకలను, దేహమున చిక్కిన సూదులను దీనితో కనుగొనసాగిరి. కాని చిత్రము నీడయే. కిరణమునడ్డగించు ఎముక తెల్లగా, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా అగపడును. ముందువెనుకల అవయవములు ఒకే తలముపై కలిసిపోవును. రొమ్ములోని తెల్లని మచ్చ క్షయయో, న్యుమోనియాయో, ఎన్నడో మానిన గాయపు గుర్తో చిత్రము తనంతట చెప్పదు. పాతచిత్రములతో పోల్చి, రోగి చరిత్రము విచారించి నిర్ణయించువాడు రేడియాలజిస్టు. రోగి ఆతనిని తరచు చూడనే చూడడు; కాని చికిత్స ఆతని నివేదికపై ఆధారపడియుండును. అచ్చట పొరపడిన, లేని రోగమునకు మందు, ఉన్న రోగమునకు ఉపేక్ష.

రాంట్‌జెన్ తన శోధనకు పేటెంటు తీసికొనలేదు. 1901లో భౌతికశాస్త్రమున ప్రప్రథమ నోబెల్ బహుమానము పొంది, ఆ ధనమును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమునకే యిచ్చెను. యుద్ధానంతరము జర్మనీలో నాణెము విలువ పడిపోగా ఆతని పొదుపు కరగిపోయెను. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్ నగరమున పేగు క్యాన్సరుతో మరణించెను.

ఆ యేడే విశాఖపట్టణమున వైద్యకళాశాల ఆరంభమయ్యెను. నేటి ఆంధ్ర వైద్యకళాశాల అదియే. దాని అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రికి మన జిల్లాల రోగులు నేటికిని పోవుచున్నారు. ఆ కళాశాలలో చదివిన కాకర్ల సుబ్బారావుగారు రేడియాలజీయందు ప్రసిద్ధులై, హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞానసంస్థకు తొలి సంచాలకులైరి.

యంత్రములు మారినవి, ఫలకమునకు బదులు కంప్యూటరు తెర వచ్చినది. కాని కనబడినదానితో తృప్తి చెందక, ఇది ఏల ఇట్లున్నదని అడుగు బుద్ధి లేనిచో ఏ యంత్రమును రోగిని కాపాడలేదు. తరగతిలో ఎవడైన విద్యార్థి ఏల అని అడిగినప్పుడు, వాని యోగ్యతాపత్రము చూచుటకు ముందు ఆ ప్రశ్నను వినుట ఉపాధ్యాయుని ధర్మము.