కర్నలు సి. కె. నాయుడుగారు: జట్లు మాఱినను మాఱని యభిమానము

ఆటలయం దాసక్తిగల విద్యార్థులకు ఏదో యొక జట్టుపై నభిమాన ముండుట సహజము. ఆ జట్టు గెలిచిననాడు తామే గెలిచినట్లు పొంగుదురు. ఓడిననాడు వారికి అన్నము సహింపదు. కాని ఆ జట్టే యూరు విడిచి పోయినచో, లేక దానికి ప్రాణమువంటి యాటగాడు వేఱొక జట్టున చేరినచో, ఆ యభిమాన మేమి కావలెను? అది ఊరిని పట్టుకొని యుండవలెనా, పేరును పట్టుకొని యుండవలెనా, ఆటగాని వెంట పోవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, మనుష్యుని మనస్సును శోధించునది. దీనికి మాకు తోచిన సమాధానమును ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమునుండి చూపదలచితిమి. ఆయన భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకులైన కొఠారి కనకయ్య నాయుడుగారు. లోకమున కాయన సి. కె. నాయుడు.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. వారిది తెలుగు కుటుంబము. తెలుగుదేశమునకు దూరముగా, నాడు మధ్యపరగణాలకు రాజధానియైన నగరమున పుట్టి పెరిగినను, తెలుగువారు వారిని పరాయివానిగా ఎన్నడు నెంచలేదు. ఇది మొదట గమనింపవలసిన సంగతి. ఇల్లు దూరమైనంతమాత్రమున బంధము తెగదు.

బాల్యమునుండియు వారికి క్రికెట్టుపై మక్కువ మెండు. 1916వ సంవత్సరమున, ఇరువదేండ్ల ప్రాయమున, బొంబాయి నాలుగుజట్ల పోటీలో హిందువుల జట్టు పక్షమున యూరోపియనుల జట్టుపై ఆడి పెద్దయాటలలో ప్రవేశించిరి. ఆ యాటలో వారు సంపాదించిన తొలి పరుగులే సిక్సరు దెబ్బవలన వచ్చినవని చెప్పుకొందురు. ఆనాటి జట్లు మతములనుబట్టి ఏర్పడినవి: యూరోపియనులు, పారసీకులు, హిందువులు, మహమ్మదీయులు. 1937లో మిగిలినవారి జట్టును వీనితో చేరెను. క్రైస్తవుడైన విజయ్ హజారేగారు ఆ జట్టున ఆడి, 1943లో హిందువుల జట్టుపై నొక్కరే 309 పరుగులు చేసి చూపరులను విస్మయపఱచిరి. మతమునుబట్టి జట్లు కట్టుటను గాంధీమహాత్ముడు మెచ్చలేదు. ఆ పోటీలు 1946లో నిలిచిపోయెను. అవి ఆగినందున ఆట చెడలేదు. మతజట్ల వెంట నుండిన యభిమానము నగరములకును రాష్ట్రములకును మరలినది. ఆధారము పోయినను అభిమానము బ్రదుక గలదని దీనివలన తేలుచున్నది.

1923లో హోల్కారు మహారాజు నాయుడుగారిని ఇందూరునకు రప్పించి తన సైన్యమున కెప్టెను పదవి నిచ్చెను. తరువాత వారు కర్నలైరి. నాగపురమువారి ముద్దుబిడ్డ ఇందూరువాడయ్యెను. ఇట్టి సమయములందు జనులు రెండు తెగలగుదురు. పోయినవానిని కృతఘ్నుడని నిందించువారు కొందఱు; ఎక్కడ నున్నను మావాడేయని మురియువారు కొందఱు. నాయుడుగారు ఈ రెండవ తెగవారినే గెలిపించిరి. ఎట్లనగా, 1926వ సంవత్సరము డిసెంబరు నెలలో ఇంగ్లండునుండి వచ్చిన ఎం. సి. సి. జట్టుపై, బొంబాయి జింఖానా మైదానమున, రెండు గంటలు నిండకమునుపే 153 పరుగులు చేసిరి. అందు పదునొకండు సిక్సరులు! భారతీయులు ఆంగ్లేయులతో సమానముగా ఆడగలరను నమ్మకము ఆ దినమున బలపడెను. అట్టి దినమున ఆయన నాగపురమువాడా, ఇందూరువాడాయని విచారించుటకు ఎవరికి తీఱిక యుండును?

1932వ సంవత్సరము జూను 25వ తేదీన లార్డ్సు మైదానమున భారతదేశము తన తొలి టెస్టు ఆట నారంభించెను. నాయకులు నాయుడుగారు. బంతి నాపుటలో చేతికి గాయమైనను, మొదటి యిన్నింగ్సులో మనవారి యందఱికంటె నెక్కువగా 40 పరుగులు చేసిరి. మనవా రోడినను ఆటతీరు మెప్పు పొందెను. ఆ పర్యటనమందే ఎడ్జ్‌బాస్టనులో వారు కొట్టిన బంతి రీ యను చిన్నయేటిని దాటి పడెననియు, ఆ యేఱు నాడు రెండు కౌంటీలకు ఎల్లయగుటచే బంతి ఒక కౌంటీనుండి మఱియొక కౌంటీకి పోయెననియు చెప్పుకొందురు. ఎల్లలు మనుష్యులు గీచుకొన్నవి. బంతికి వానితో పనిలేదు.

1936లో ఇంగ్లండు పర్యటనకు నాయకత్వము నాయుడుగారికి గాక విజయనగరము మహారాజకుమారునకు దక్కెను. తాను నడపిన జట్టులో మఱియొకరి క్రింద ఆడుట ఎంతటివారికైనను కష్టము. అయినను వారు మూడు టెస్టులలోను ఆడిరి. ఓవలు మైదానమున, తమ కడపటి టెస్టు ఇన్నింగ్సులో, బంతి దెబ్బ తగిలినను వెనుదీయక 81 పరుగులు చేసిరి. పదవి పోయినను జట్టును విడువని ఈ గుణమునే మేము నిజమైన అభిమానమని యెంచెదము.

ఇందూరునందలి హోల్కారు జట్టు వారి చేతిలో బలవంతమైనది. ముస్తాక్ ఆలీ, సర్వటే, తమ్ముడు సి. ఎస్. నాయుడు మున్నగువారు అందుండిరి. ఆ జట్టు పదునాలుగేండ్ల జీవితములో రంజీ కప్పును నాలుగుమాఱులు గెలిచి, ఆఱుమాఱులు రెండవస్థానమున నిలిచెను. 1946 నాటి తుదిపోటీలో, ఏబది యేండ్లు నిండిన నాయుడుగారు బరోడాపై 200 పరుగులు చేసిరి. 1953లో హోల్కారు జట్టు మఱల కప్పు గెలిచెను. అదే సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. ఆంధ్రజట్టు తొలిసారిగా రంజీ పోటీలలో దిగెను. ఏబదియెనిమిదేండ్ల నాయుడుగారు గెలుపొందిన జట్టును వీడి వచ్చి, అప్పుడే పుట్టిన ఆంధ్రజట్టునకు నాయకులైరి.

విద్యార్థులు ఇచ్చట ఒక క్షణ మాగి యోచింపవలెను. ఇందూరువారికి ఇది యెట్లుండును? ముప్పదియేండ్లు తమవాడుగా నున్నవాడు వెడలిపోయెను. ఆంధ్రులకో, ఏబదియెనిమిదేండ్లకు తమవాడు తమ యింటికి వచ్చెను. ఒకరి దుఃఖమే మఱియొకరి సంతోషము. పైగా హోల్కారు జట్టునకే ఆయువు తీఱెను. 1955లో ఆ పేరు రంజీ పోటీలనుండి తొలగెను. తరువాత ఇందూరువారు మధ్యప్రదేశపు జట్టును తమదిగా చేసికొనిరి. వా రెంతకాలము వేచియుండిరో చూడుడు! 1953 తరువాత మఱల కప్పు వారి చేతికి వచ్చినది 2022లో, బెంగుళూరున బొంబాయి జట్టును ఓడించినపుడు. అఱువదితొమ్మిదేండ్లు! తాతలు చూచినది మనుమలు మఱల చూచిరి.

ఇట్టివి ఇతరదేశములందును కలవు. అమెరికాలో 1957వ సంవత్సరపు ఆటలు ముగియగానే బ్రూక్లినునందలి డాడ్జర్సను బేసుబాలు జట్టు లాస్ ఏంజెలిసునకు తరలిపోయెను. తమ యూరి జట్టు వేలమైళ్ల దూరమున ఆడుట బ్రూక్లినువారికి తీరని వెతయైనది. మన హైదరాబాదునందును 2009లో ఐ. పి. ఎల్. గెలిచిన డెక్కన్ చార్జర్స్ జట్టు 2012లో రద్దయ్యెను. మఱుసటి యేడు సన్‌రైజర్స్ దాని స్థానమున ఆడెను. కప్పు తెచ్చిన పేరు పోయినది, ఊరు మిగిలినది.

నాయుడుగారు ఆంధ్రజట్టునను చాలకాల ముండలేదు. 1956–57లో ఉత్తరప్రదేశ్ జట్టున ఆడిరి. అప్పటికి వారికి అఱువదియొక్క యేండ్లు. 1956లో పద్మభూషణ బిరుదము పొందిరి. క్రికెట్టు ఆటగాండ్రలో ఆ గౌరవము మొదట పొందినవారు వారే. 1963లో ఒక ధర్మార్థపు ఆటతో పెద్దయాటలు చాలించిరి. 1967వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఇందూరున కన్నుమూసిరి. వదలి వెళ్లిన యూరే వారి కడపటి నివాసమైనది.

నేడు కర్నలు సి. కె. నాయుడు పేరుగల కప్పునకై రాష్ట్రముల యువజట్లు ఏటేట పోటీపడుచున్నవి. అందు నాగపురము చేరిన విదర్భ కలదు, మధ్యప్రదేశ్ కలదు, ఉత్తరప్రదేశ్ కలదు, మన ఆంధ్రయు కలదు. ఆయన విడిచిన జట్లవారును చేరిన జట్లవారును ఒకే పేరున ఆడుచున్నారు.

కనుక ఆరంభమున నడిగిన ప్రశ్నకు మా సమాధాన మిది. ఊరిని విడువనక్కఱలేదు, పోయినవానిని ద్వేషింపనక్కఱలేదు. ఆంధ్రజట్టు 2025 వఱకు రంజీ కప్పును గెలిచి యెఱుగదు. అయినను అది మనది. గెలుపునకే కట్టుబడిన అభిమానము సంతబేరమువంటిది. మన దుగ్గిరాలలో తండ్రికి బదిలీయై తెనాలికో బాపట్లకో పోయిన బాలుడు, మఱుసటి యేడు చెడుగుడు పోటీలో మనకెదురుగా నిలుచుట కలదు. అప్పు డతనిని ద్రోహియని కేకలు వేయుట సులభము. కాని అతడు ఇచ్చట నేర్చిన పట్టునే అచ్చట చూపుచున్నాడు. మన దుగ్గిరాల లాకులకడ చీలి కొమ్మమూరు కాలువలో పాఱు నీరు కృష్ణనీరు కాకపోవునా? మన జట్టు గెలువవలెనని గొంతెత్తి అఱువుడు. అతడు మంచి పట్టు పట్టినపుడు మాత్రము చప్పట్లు కొట్టుటకు వెనుదీయకుడు. అతడు మనవాడు.