పిడికెడు గింజల కావలిదారు – వావిలోవ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వరి అన్నమే ప్రధానాహారం. అయినా రంజాను మాసంలో, పెండ్లి విందులలో మన ఇళ్ళకు నాన్‌రొట్టె రాక తప్పదు. గోధుమపిండి ముద్ద తెగకుండా సాగుతుంది. బియ్యప్పిండి ముద్ద విరిగిపోతుంది. ఈ భేదానికి కారణం గోధుమ గింజలో నిల్వ ఉండే మాంసకృత్తులు. రాబోయే మొలక కోసం తల్లిమొక్క కట్టి ఇచ్చిన సద్దిమూట అది. అందులో గ్లియాడిన్ సాగే గుణాన్ని, గ్లూటెనిన్ బిగువును ఇస్తాయి. వీటి కూర్పు వంగడానికొక తీరుగా ఉంటుంది. ఇట్టి వైవిధ్యాన్ని లోకానికి భద్రపరచినవారిలో అగ్రగణ్యుడు నికొలాయ్ వావిలోవ్.

ఆయన 1887 నవంబరు 25న మాస్కోలో ఒక వర్తక కుటుంబంలో జన్మించారు. వ్యవసాయ విద్య ముగించి, 1913లో ఇంగ్లండు వెళ్ళి బేట్సన్ మహాశయుని వద్ద జన్యుశాస్త్రం అభ్యసించారు. 1917లో సరతోవ్ నగరంలో ఆచార్య పదవి చేపట్టారు. 1921లో ఆ వోల్గా ప్రాంతాన్ని ఘోర క్షామం కబళించింది. మేలైన వంగడాలతో ఆకలిని జయించాలన్నది ఆయన జీవితాశయం. సంకరం చేసేవానికి ముందుగా తగిన గుణం గల తల్లిదండ్రులు దొరకాలి. వాటిని వెదకడానికే ఆయన దేశాటనకు పూనుకున్నారు.

1916లో ఇరాన్, పామీరు ప్రాంతాలు, 1924లో ఆఫ్ఘనిస్తాన్, 1927లో అబిసీనియా తిరిగారు. ఆఫ్ఘన్ కొండలోయలలో పేద రైతుల చేలలో ఎన్నెన్నో గోధుమ రకాలను చూచి, పిడికెడు పిడికెడుగా సేకరించారు. 1940 నాటికి లెనిన్‌గ్రాడ్ సంస్థలో వివిధ పంటల నమూనాలు సుమారు రెండున్నర లక్షలకు చేరాయి.

అంతలో జన్యుశాస్త్రాన్నే నిరాకరించిన లైసెంకో వర్గానికి ప్రభుత్వాదరణ లభించింది. వావిలోవ్ సత్యాన్ని వదలలేదు. 1940 ఆగస్టులో ఆయనను నిర్బంధించారు. ఒకనాడు పాఠాలు చెప్పిన సరతోవ్ నగరంలోనే, చెరసాలలో, 1943 జనవరి 26న తిండిలేక కృశించి కన్నుమూశారు.

అదే కాలంలో శత్రువులు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించారు. ఆయన సహచరులలో పలువురు ఆకలితో మరణించారు గాని విత్తనాలను తినలేదు. వరి విభాగపు ఇవనోవ్ వేలాది వరి పొట్లాల నడుమ ప్రాణం విడిచారు.

1955లో ప్రభుత్వం వావిలోవ్ నిర్దోషి అని ప్రకటించింది. తరువాతి కాలంలో విద్యుత్ సహాయంతో గింజలోని మాంసకృత్తులను చారలుగా విడదీసే పద్ధతి వచ్చింది. చారల వరుసను బట్టి వంగడాన్ని గుర్తించవచ్చు. మంచి రొట్టెకు తగిన గోధుమలను సంకరానికి ఎన్నుకోవచ్చు. ఆయన సంస్థలోనే దాచిన గోధుమలపై ఈ పరిశోధన సాగింది. ఆ చారలను వావిలోవ్ ఎన్నడూ చూడలేదు. ఎందుకు పనికివస్తాయో తెలియకముందే గింజలను కాపాడటమే ఆయన గొప్పతనం.

నేడు మన ఆయకట్టులో ఎటు చూచినా కొద్ది రకాల సన్నవడ్లే. తాతలనాటి వరి రకం ఒకటి చేను విడిచిందంటే, దానిలో ఏమున్నదో మనం తెలుసుకొనక మునుపే అది వెళ్ళిపోయిందన్నమాట. ఏ ముసలి రైతు అటుకుమీదనైనా అట్టి విత్తనం పిడికెడు మిగిలి ఉంటే, దానిని పారవేయనీయకుండా చూడటం చదువుకున్న మన విధి.