విజ్జీ జీవితం – మనం నేర్చుకోవలసిన పాఠం



విజయనగరంలో చదువుకున్న మనలో చాలామంది ఏదో ఒక సాయంత్రం విజ్జీ స్టేడియం ముందు నుంచి నడిచి వెళ్లినవాళ్లమే. కానీ ఆ విజ్జీ ఎవరని అడిగింది తక్కువమంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అయినా పీజీలో చేరేదాకా నేనూ అడగలేదు. తెలుసుకున్నాక, ఆయన జీవితంలో మనలాంటి వారికి అవసరమైన పాఠం ఒకటి ఉందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

విజ్జీ అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న విజయనగరం రాజవంశంలో రెండవ కుమారుడిగా జన్మించారు. అజ్మీరులోని మేయో కళాశాలలోనూ, ఇంగ్లండులోనూ చదివారు. గద్దె అన్నగారికి దక్కగా, ఈయన కాశీలోని ఎస్టేటుకు వెళ్లి స్థిరపడ్డారు. అక్కడ సొంతంగా మైదానం కట్టించి, జట్టును తయారుచేశారు. 1930-31లో ప్రపంచ ప్రసిద్ధ ఆటగాళ్లు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్‌లను తన జట్టులో ఆడించడానికి మన దేశానికి రప్పించారు. క్రికెట్ మీద ఆయనకున్న ప్రేమను ఎవరూ కాదనలేరు.

అయితే ప్రేమ వేరు, ప్రతిభ వేరు. 1936లో ఇంగ్లండు వెళ్లే భారత జట్టుకు ఆయన కెప్టెన్‌గా ఎన్నికయ్యారు. అదే జట్టులో 1932లో మన తొలి టెస్టుకు నాయకత్వం వహించిన తెలుగువాడు సి.కె. నాయుడు ఉన్నారు. 1933లో బొంబాయిలో 118 పరుగులు చేసి, భారతదేశం తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్ ఉన్నారు. వారిని నడిపించిన విజ్జీ మాత్రం మూడు టెస్టుల్లో చేసినవి మొత్తం 33 పరుగులు.

ఆ పర్యటనలో అమర్‌నాథ్ చాలా బాగా ఆడుతున్నారు. జూన్‌లో లార్డ్స్ మైదానంలో మైనర్ కౌంటీస్ జట్టుతో ఆట జరుగుతోంది. ప్యాడ్లు కట్టుకుని సిద్ధంగా ఉండమని ఆయనకు చెప్పి, ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపించారు. ఆట ముగిసే వేళకు గానీ ఆయన వంతు రాలేదు. తిరిగి వచ్చి డ్రెస్సింగ్ రూములో ప్యాడ్లు విసిరికొట్టి, పంజాబీలో కోపంగా ఏదో అన్నారు. క్రమశిక్షణ లేదంటూ కెప్టెన్, మేనేజరు బ్రిటన్ జోన్స్ కలిసి ఆయనను ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. జట్టులోని పెద్దలు నచ్చజెప్పినా వినలేదు. ఫిర్యాదు చేసింది వారే, తీర్పు చెప్పిందీ వారే. మొదటి టెస్టుకు ఇంకా కొద్దిరోజులే ఉంది. కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు? ఆ పర్యటన ముగియకముందే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. మన జట్టు మాత్రం రెండు టెస్టులు ఓడిపోయింది, ఒకటి డ్రా చేసుకుంది.

కథ అక్కడితో ఆగలేదు. దేశంలో గొడవ లేవడంతో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ నాయకత్వంలో విచారణ సంఘం వేశారు. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. అది అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. రాజకుమారుడైనా జవాబు చెప్పవలసి వచ్చింది. కానీ అమర్‌నాథ్ పోగొట్టుకున్న ఆ మూడు టెస్టులను ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు. తర్వాత యుద్ధం వచ్చింది. ఆయన మళ్లీ టెస్టు ఆడింది 1946లోనే. స్వతంత్ర భారత తొలి టెస్టు కెప్టెన్ అయ్యింది కూడా ఆయనే. విజ్జీ మళ్లీ టెస్టు ఆడలేదు.

విజ్జీ తర్వాత చేసిన మంచిని కూడా చెప్పుకోవాలి. 1947లో సర్ బిరుదు వదులుకున్నారు. 1954లో క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు. ఉత్తరప్రదేశ్‌లో ఆటను పెంచారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశారు. విశ్వవిద్యాలయాల జోనల్ జట్ల మధ్య జరిగే పోటీకి విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో కబడ్డీ బాగా ఆడే నా స్నేహితుడి పేరును, ఎదురు మాట్లాడాడని జాబితా నుంచి తీసేశారు. వాడిని పిలిచి అడిగినవారు లేరు. మేమందరం మౌనంగా ఉన్నాం. వాడు ఆట మానేశాడు, కొన్నాళ్లకు హాస్టలూ మానేశాడు. అమర్‌నాథ్ కథ చదివినప్పుడు నాకు వాడే గుర్తుకొచ్చాడు. అమర్‌నాథ్ కోసం దేశం అడిగింది. వాడి కోసం గదిలో ఉన్న మేమే అడగలేదు.

పుట్టుకను బట్టి నాయకత్వం ఇవ్వడం కొత్త కాదు. 1911లో ఇంగ్లండులో వందకు పైగా వికెట్లు తీసిన దళిత బౌలర్ పల్వంకర్ బాలూకు హిందూ జట్టు కెప్టెన్సీ ఏనాడూ దక్కలేదు. ఆ కుటుంబం పట్టు విడవకుండా అడిగింది కాబట్టే 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. ఈనాడు అడగడానికి మనకు దారులున్నాయి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. క్రికెట్ బోర్డు చేసేది ప్రజలకు సంబంధించిన పని అని, అది కోర్టుకు జవాబు చెప్పాలని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

కాబట్టి తమ్ముళ్లారా, విజ్జీ మన ప్రాంతం మనిషి అని గర్వపడదాం. ఆయన చేసిన తప్పును కూడా దాచకుండా చెప్పుకుందాం. రేపు మీలో ఎవరైనా కెప్టెన్ అయితే, ఎవరినైనా తీసేసే ముందు అతని మాట వినండి. ఎవరినైనా అన్యాయంగా తీసేస్తే, కారణం కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. మేము అడగలేకపోయాం. మీరు అడగండి.