వెదురుబల్లెముల సేనాని చీ జీగ్వాంగ్

చీనాదేశమును మింగ్ వంశపు చక్రవర్తులు పాలించుచుండిన కాలమున, 1528వ సంవత్సరమున, షాన్‌డాంగ్ రాష్ట్రమున చీ జీగ్వాంగ్ జన్మించెను. వారిది తరతరములుగా సైనికోద్యోగము చేసిన కుటుంబము. 1544లో తండ్రి గతించగా, ఇంకను బాలుడనదగిన ప్రాయముననే అతడు తండ్రి పదవిని స్వీకరింపవలసి వచ్చెను.

ఆ దినములలో చీనా తూర్పుతీరమును ఓడదొంగలు పీడించుచుండిరి. జనులు వారిని జపానుదొంగలని పిలిచినను, వారిలో చీనావారే పెక్కుమంది యుండిరని చరిత్రకారులు చెప్పుచున్నారు. అయినను వారి ముఖ్యాయుధము జపానుదేశపు పొడవైన ఖడ్గమే. దానిని రెండు చేతులతో పట్టి యొక్క వ్రేటు వేసినచో ఈటె కామ రెండు ముక్కలగుచుండెను. చేతిలో విరిగిన కర్ర మిగిలిన సైనికుడు పరుగెత్తక యేమి చేయును? 1555లో జెజియాంగ్ రాష్ట్రమునకు బదిలీయై వచ్చిన చీ జీగ్వాంగ్ ఎదుట నిలిచిన సమస్య యిదియే.

చీనాదేశమున పొడవుకామ గల ఆయుధములకు కొదవ లేదు. కంచుయుగమున కొడవలివలె అడ్డముగా బిగించిన అలుగుగల 'గ' అను ఆయుధముండెను. పిమ్మట దానికి ఈటెమొనను చేర్చి 'జీ' యనిరి. కడకు ఈటెయే ఆయుధములకు రాజని పేరొందెను. కథలలోని వీరులు త్రిప్పెడు చంద్రవంక కత్తులు చూచుటకు సొంపుగా నుండును. చీ జీగ్వాంగ్ వెదకినది సొంపును కాదు. చూపరుల మెప్పుకై చేయు విన్యాసములు యుద్ధమున కొరగావని అతని దృఢమైన అభిప్రాయము.

1559లో అతడు ఈవూ అను కొండప్రాంతమునకు పోయి, రైతులను, గనిపనివారిని 3,000 నుండి 4,000 వరకు చేర్చుకొనెను. మాటనేర్పరులగు పట్టణవాసులను వలదని, మొరటుచేతుల పల్లెవారినే యేరుకొనెను. ఇట్టివారికి ఏండ్లతరబడి కత్తిసాము నేర్పుటకు వ్యవధి యెక్కడిది? కావున ఒక్కొక్కనికి ఒక్కొక్క ఆయుధమే యిచ్చి, 12 మందిని ఒక జట్టుగా కూర్చెను. ముందు నాయకుడు, వాని వెనుక డాళ్లవారిద్దరు, అందొకని డాలు పేముతో అల్లినది, పిదప కొమ్మల వెదురు పట్టినవారిద్దరు, 12 అడుగులకు మించిన ఈటెలవారు నలుగురు, త్రిశూలమువంటి టాంగ్‌పా పట్టినవారిద్దరు, తుదకు వంటవాడు. ఈ టాంగ్‌పా కొమ్ములపై బాణసంచా అమ్ములను నిలిపి వెలిగించుటయు కలదు. జట్టు అవసరమైనపుడు రెండు సమభాగములుగా చీలును. అందుచే దానికి, మన కవుల జక్కవలవలె జంటబాయని చీనా బాతుల పేరు పెట్టిరి.

ఇందు కొమ్మల వెదురును గూర్చి కొంత చెప్పవలెను. దాని పేరు లాంగ్‌షియన్. సుమారు 15 అడుగుల వెదురును కణుపుల యొద్ద కొమ్మలతోనే యుంచి, కొనకు ఇనుపమొన బిగింతురు. అది చీ జీగ్వాంగ్ కల్పించినది కాదు. పూర్వమొక తిరుగుబాటులో గనిపనివారు వాడినదందురు. అది శత్రువును చంపుటకంటె అడ్డగించుటకే తగినది. ఖడ్గము ఒకటి రెండు కొమ్మలను నరకగలదేకాని, అన్నిటిని ఒక్క వ్రేటున నరకలేదు. శత్రువు ఎదుటబడినపుడు మనుష్యుడు నేర్చినదంతయు మరచునని చీ జీగ్వాంగ్ ఎరుగును. ఆ కొమ్మలు తన దేహమును కప్పుచున్నవను నమ్మకముండిన పిరికివాడును నిలువగలడని అతడు వ్రాసెను. వాడు నిలిచిన చాలును. వెనుకనున్న ఈటెలవారు పొడుతురు. ధైర్యము కొందరికే పుట్టుకతో వచ్చునని తలచు సేనానులు పెక్కుమంది. భయపడువానిని నిందింపక, వాని చేతికి తగినది వెదకి యిచ్చినవారు అరుదు.

అయినను అతనిని మెత్తనివాడనుకొనరాదు. నాయకుడు పోరుచు పడిపోగా జట్టు వెనుదిరిగినచో, మిగిలినవారికి మరణమే శిక్ష. ఈ కఠినత్వమును మెచ్చుకొనుట నాకు సాధ్యము కాదు. కాని అతని చరిత్రలో దానిని దాచుటయు తగదు.

1560లో అతడు తన పద్ధతులను 'జీషియావ్ షిన్‌షూ' అను గ్రంథముగా వ్రాసెను. స్నేహితుడగు సేనాని యూ దాయూ రచించిన కర్రసాము గ్రంథమును అందు చేర్చెను. 1561లో టైజౌ ప్రాంతమున దొంగలను వరుసగా ఓడించెను. ఆ యేడే వారి ఖడ్గవిద్యా పత్రము దొరకగా, దానిని సైతము తనవారికి నేర్పించెను. 1562లో ఫూజియన్ తీరమున హెంగ్‌యూ ద్వీపమును పట్టుటకు, పాటువేళ సైనికులచే గడ్డిమోపులు మోయించి బురదపై పరపించి దాటించెను. కొలది యేండ్లలో ఆ తీరమునకు పీడ చాలవరకు తొలగెను.

1568లో అతనిని ఉత్తరపు సరిహద్దు రక్షణకై నియమించిరి. అచ్చటికి వచ్చిన 3,000 మంది జెజియాంగ్ సైనికులు జోరువానలో ఉదయము మొదలు మధ్యాహ్నము దాటువరకు వరుస చెదరక నిలువగా, సరిహద్దు సైన్యము విస్తుపోయెను. మహాకుడ్యముపై వెయ్యికి పైగా బురుజులు అతని పర్యవేక్షణలో లేచెను. కాని 1582లో అతనికి అండయైన మంత్రి జాంగ్ జూజెంగ్ మరణించెను. మరుసటి యేడు చీ జీగ్వాంగ్‌ను దూరమగు గ్వాంగ్‌డాంగ్‌కు పంపిరి. పిదప కొలువే పోయెను. 1588 జనవరిలో అతడు స్వస్థలమున కన్నుమూసెను.

అయిదేండ్లకు, 1593లో, కొరియాదేశమున జపాను సైన్యము నెదిరించి ప్యాంగ్‌యాంగ్ నగరమును తిరిగి గెలిచిన చీనాసేనలలో అతని పద్ధతి నేర్చిన దక్షిణాదివారుండిరి. అది చూచి కొరియావారు అతని గ్రంథమును తెప్పించుకొని యభ్యసించిరి. 1790లో అచ్చటి రాజాజ్ఞచే వెలువడిన ఆయుధవిద్యా గ్రంథమున, కొమ్మలు కొట్టివేయని యా వెదురును పట్టి నిలిచిన సైనికుని చిత్రములు నేటికిని చూడవచ్చును.