భాగ్యరెడ్డివర్మ సంఘసేవ

హైదరాబాదున 1888లో మాల కుటుంబమున జన్మించిన మాదరి భాగయ్యయే లోకమెరిగిన భాగ్యరెడ్డివర్మ. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, అక్షరము రానివారికి హరికథలద్వారా సంస్కారము బోధింపజేసెను. కథ వినవచ్చిన జనమే క్రమముగా సంఘమయ్యెను. 1911లో దానికి మన్యసంఘమని పేరిడిరి. సేవకులు వాడవాడ తిరిగి బాల్యవివాహములు, మద్యపానము, దేవదాసీ దురాచారము మాన్పుటకు పాటుపడిరి. బడులు తెరచిరి.

1917లో బెజవాడ పంచమ మహాజన సభకు ఆయన అధ్యక్షుడు. వచ్చినవారు గుడిలో ప్రవేశింతురేమోయని కనకదుర్గ ఆలయ ద్వారములే మూసిరట! సభ మాత్రము పంచమ నామమును త్రోసివైచి, మూలవాసులమను అర్థమున ఆదిఆంధ్రులమని చాటెను. పేరే కదాయని తలపరాదు. బడిపట్టికలో వ్రాసిన కులనామము పిల్లవాని తల వంచుట ఉపాధ్యాయులెరుగుదురు. 1931 జనాభా లెక్కలలో నిజాము రాజ్యమున ఆదిహిందువులను పేరు చేరెను. 1939లో ఆయన కన్నుమూసెను.