వైయాకరణుడు ఆండ్రెస్ బెల్లో

ఎదుటి మనిషిని ఏ సర్వనామంతో సంబోధించాలన్నది పైకి స్వల్ప విషయంగా కనిపిస్తుంది. కాని పందొమ్మిదవ శతాబ్దంలో, స్పెయిన్ ఏలుబడి నుండి అప్పుడే విముక్తి పొందిన అమెరికా దేశాలలో అది ఒక ఖండం భవితవ్యంతో ముడిపడిన ప్రశ్న అయినది. ఆ ప్రశ్నతో పెనగులాడిన మహాపండితుడు ఆండ్రెస్ బెల్లో.

ఆయన 1781 నవంబరు 29వ తేదీన, నేటి వెనిజులాలోని కరాకస్ నగరంలో జన్మించినాడు. బాల్యం నుండే లాటిన్ భాషను శ్రద్ధతో అభ్యసించి, 1800లో అక్కడి విశ్వవిద్యాలయ పట్టం పొందినాడు. తనకంటె రెండేళ్లు మాత్రమే చిన్నవాడైన సిమోన్ బొలీవర్‌కు కొంతకాలం పాఠాలు చెప్పినాడు. శిష్యుడు కత్తి పట్టి దేశాలను విడిపించినాడు. గురువు కలం పట్టి ఆ దేశాల భాషను నిలబెట్టడానికి పూనుకొన్నాడు.

1810లో ఇంగ్లండు సహాయం అర్థించడానికి బొలీవర్, లోపెస్ మెందెస్‌లతో కలిసి బెల్లో లండన్ వెళ్లినాడు. బొలీవర్ ఆ ఏడే వెనుదిరిగినాడు. బెల్లో పందొమ్మిదేళ్లు అక్కడనే ఉండిపోయినాడు. స్వదేశంలో కొత్త ప్రభుత్వం కూలిపోవడంతో ఆదరువు తప్పినది. ఇంటింటా పాఠాలు చెప్పి, తత్త్వవేత్త బెంథామ్ వ్రాతప్రతుల చిక్కు విప్పి సంసారం ఈదినాడు. 1821లో మొదటి భార్య మరణించినది. ఇన్ని ఇక్కట్ల నడుమనే బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో కూర్చుండి, ప్రాచీన స్పానిష్ వీరగాథయైన సిద్ కావ్యాన్ని పరిశోధించినాడు.

స్పానిష్ నేర్వబూనిన ఆంగ్లేయునికి కర్తృ సర్వనామాలే తొలి చిక్కు. ఆంగ్లంలో కర్త లేనిదే సాధారణంగా వాక్యం నిలువదు. స్పానిష్‌లో క్రియ చివరి ప్రత్యయమే కర్తను తెలుపుతుంది. తెలుగులో 'వచ్చాను' అన్నప్పుడు 'నేను' అక్కరలేనట్లే, స్పానిష్‌లో 'కాంతో' అంటే చాలు, నేను పాడుతున్నానని అర్థం. నొక్కి చెప్పడానికో, సందేహం తీర్చడానికో 'యో' అనే సర్వనామం ముందు చేరుతుంది.

మధ్యమ పురుషలో చిక్కు మరింత జటిలం. చనువుగలవారిని 'తూ' అనాలి. మన్నించవలసినవారిని 'ఉస్తెద్' అనాలి. తమ దయ అనే అర్థంగల పూర్వపు గౌరవపదం అరిగి అరిగి ఉస్తెద్ అయినది. అందువల్లనే ఎదుటనున్న వ్యక్తితో మాట్లాడుతున్నా దాని క్రియ ప్రథమ పురుషలో ఉంటుంది. వీటికి తోడు 'వోస్' అనేది మరొకటి. ఒకప్పుడు రాజులకు, ప్రభువులకు వాడిన ఆ మాట క్రమంగా గౌరవం కోల్పోయి, స్పెయిన్‌లో వాడుక నుండి తొలగినది. అమెరికాలో మాత్రం అనేక సీమలలో తూ స్థానాన్ని ఆక్రమించి ఇంటి మాట అయినది.

1829లో బెల్లో చిలీ చేరినప్పుడు అక్కడి ఇళ్లలో వినవచ్చినది ఈ వోస్ పలుకే. 1833, 1834 సంవత్సరాలలో ఎల్ అరౌకానో పత్రికలో తలిదండ్రులకు, ఉపాధ్యాయులకు భాషను గూర్చి హితవులు వ్రాస్తూ, చనువుగా ఒక్కరిని వోస్ అనడం తగదని, తూ అనే వాడాలని ఉపదేశించినాడు. 1842లో, చిలీలో ప్రవాసముంటున్న అర్జెంటీనా రచయిత సర్మియెంతో, భాష ప్రజల సొత్తని, పండితుల ఆజ్ఞకు లోబడదని వాదించినాడు. అందరూ ఒప్పిన ప్రమాణం లేకపోతే భాష చెదరిపోతుందని బెల్లో ప్రత్యుత్తరమిచ్చినాడు.

లాటిన్ భాష ముక్కలై పలు భాషలైన చరిత్ర ఆయన ఎరుగనిది కాదు. అమెరికా దేశాలకు అదే గతి పడితే ఒకరి చట్టం, ఒకరి గ్రంథం మరొకరికి అర్థం కాదన్న భయమే 1847లో అమెరికావాసుల కోసం వెలువరించిన ఆయన వ్యాకరణానికి మూలం. అందులో స్పానిష్‌ను లాటిన్ మూసలో పోయక, దాని స్వరూపాన్ని బట్టియే సూత్రీకరించినాడు. సర్వనామాన్ని ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలను తెలిపే నామంగానే నిర్వచించినాడు. అంతేగాక, స్పెయిన్‌లోని ప్రాంతీయ ప్రయోగాలకు మన్నన ఉన్నప్పుడు, అమెరికాలో విద్యావంతులు పాటించే ప్రయోగాలకు అది ఎందుకుండరాదని నిలదీసినాడు.

1843లో ప్రారంభమైన చిలీ విశ్వవిద్యాలయానికి ఆయనే తొలి అధిపతి. 1855లో వెలువడిన చిలీ పౌరస్మృతి ఆయన కృతియే. 1865 అక్టోబరు 15న శాంతియాగోలో కన్నుమూసినాడు.

చిలీ బడులు వోస్‌ను విద్యావంతుల నోట చాలవరకు మాన్పించగలిగినవి. కాని దాని క్రియాప్రత్యయాలు పోలేదు; చిలీవాసులు నేటికీ చనువు మాటలలో తూ అనే కర్తకు పాత వోస్ క్రియను తగిలించి మాట్లాడుతారు. అర్జెంటీనాలో వోస్ నిరాటంకంగా వర్ధిల్లినది. 1982లో అక్కడి భాషా అకాడమీ దానిని సాధువుగా అంగీకరించినది. అయినను బెల్లో భయపడినట్లు భాష చీలలేదు. తూ అనేవారు, వోస్ అనేవారు ఒకే పుస్తకాన్ని నిస్సంకోచంగా చదువుతున్నారు. ఒక సర్వనామం విషయంలో ఆయన ఓడినాడు. కాని విద్యావంతులు పాటించే అమెరికా ప్రయోగం ఆదరణీయమన్న ఆయన సిద్ధాంతాన్ని బట్టి చూస్తే, ఆయన వారించిన ఆ మాటకు మన్నన దక్కడం కూడ న్యాయమే.