తీర్పుకు బలం కారణమే: జస్టిస్ కోకా సుబ్బారావు

కోకా సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. అక్కడి ఆర్ట్స్ కళాశాలలో, ఆ తర్వాత మద్రాసు లా కళాశాలలో చదివి న్యాయవాద వృత్తి చేపట్టారు. కొంతకాలం బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఆయన పేరు వినగానే న్యాయవాదులకు గుర్తొచ్చేది 1962 నాటి ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈ వ్యక్తిని ఒక దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, రాకపోకలపై నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టి లేపేవారు. ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రి తనిఖీలు చెల్లవన్నారు గానీ, మిగతా నిఘాను సమర్థించారు. గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా విభేదించారు.

సుబ్బారావు గారు తన అభిప్రాయానికి మెట్టు మెట్టుగా కారణం చూపారు. వెన్నంటి కన్ను ఉంటే మనిషి నడవగలడు గానీ స్వేచ్ఛగా నడవలేడు. మనసుపై పడే ఒత్తిడి కూడా బంధనమే. కాబట్టి గోప్యత స్వేచ్ఛలో భాగమే. పైగా ఆ పోలీసు నిబంధనలకు చట్టం దన్ను లేదు. కనుక నిఘా మొత్తం చెల్లదు.

ఆ రోజు ఆయన పక్షం ఓడింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, ఆయన చూపిన దారే నిలిచింది.

ఆయన మాట ప్రతిసారీ నిలవలేదు. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యాక, మరుసటి ఏడాది గోలక్‌నాథ్ కేసులో పార్లమెంటు ప్రాథమిక హక్కులను కుదించరాదని 6–5 మెజారిటీతో తీర్పిచ్చారు. పాత భూసంస్కరణలు తలకిందులు కాకుండా, అది ఇకపైనే వర్తిస్తుందన్నారు. 1973లో కేశవానంద భారతి కేసులో పెద్ద ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చింది. కారణం రాసిపెట్టిన తీర్పు కాబట్టే, దానికి కారణంతోనే జవాబు చెప్పాల్సి వచ్చింది.

1967 ఏప్రిల్‌లో పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో పోటీ చేశారు. జాకిర్ హుస్సేన్ గెలిచారు. 1976లో సుబ్బారావు గారు కన్నుమూశారు.

స్టెప్పులు లేని జవాబుకు మన లెక్కల మాస్టార్లు పూర్తి మార్కులు వేసేవారు కాదు. న్యాయమూర్తికీ అదే నియమం. ఓట్లు ఆ రోజుకు తీర్పును నిలబెడతాయి. యాభై ఏళ్ల తర్వాత వచ్చేవారు తిరగేసి చూసేది స్టెప్పులనే.